చీము కణాలున్నాయి, సూక్ష్మజీవి లేదు: ఒక మూత్రాశయం కేసు

పేషెంట్‌కి 62 ఏళ్లు. భీమిలి వైపు తీరంలో ఒక మత్స్యకార గ్రామం. తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి చేరి, వేలంలో చేపలు పాడుకుని, గంపతో కాలనీల్లో తిరిగి అమ్ముతారు. ఎనిమిది నెలలుగా మాటిమాటికీ మూత్రం రావడం, వస్తే ఆపుకోలేకపోవడం, పోసేటప్పుడు మంట, మూత్రాశయం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి. జ్వరం లేదు. మూత్రం ఎర్రగా రావడం ఎప్పుడూ చూడలేదన్నారు. షుగర్ ఆరేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్‌తో అదుపులోనే ఉంది. ఆవిడ అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

"ఒంటేలుకెళ్లొచ్చి కూకుంటే మళ్లీ వచ్చేసినట్టే ఉంటాది బాబూ. గంప దింపేదెక్కడ, ఎల్లేదెక్కడ?" అన్నారు మొదటి రోజు. రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది. తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాల్సిన మనిషికి నిద్రే లేదు. రెండు నెలలుగా వ్యాపారం సగం రోజులు మానేశారు.

కోడలు ఒక ప్లాస్టిక్ కవర్ నిండా పాత కాగితాలు తెచ్చింది. ఆ రోజు నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ కవరే. తేదీల వారీగా బల్ల మీద పేర్చుకుని చదివాను. ఎనిమిది నెలల్లో నాలుగు రకాల యాంటీబయాటిక్స్ వాడారు. మొదటి రెండూ ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మిగతావి పట్నంలో రాసినవి. యూరిన్ రిపోర్టులు ఆరు. అన్నిటిలోనూ చీము కణాలు 15 నుంచి 25. కల్చర్లు మూడు, మూడింటిలోనూ ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. అల్ట్రాసౌండ్ రెండుసార్లు చేయించారు, రెండుసార్లూ నార్మల్. యాంటీబయాటిక్స్ పనిచేయకపోయేసరికి మూత్రాశయం అతిగా స్పందిస్తోందనుకుని సోలిఫెనాసిన్ రెండు నెలలు ఇచ్చారు. నోరెండిపోవడం తప్ప ఇంకేమీ జరగలేదు. ముట్లు ఆగిన వయసు కదా, యోని పొర పలచబడి మంట వస్తోందేమోనని ఈస్ట్రోజన్ క్రీమ్ కూడా రాశారు.

విడివిడిగా చూస్తే ఇందులో ఏ ఒక్క నిర్ణయమూ తెలివితక్కువది కాదు. ఆడవాళ్లలో మంట, మాటిమాటికీ మూత్రం అంటే చాలాసార్లు అది ఇన్ఫెక్షనే. మొదటి కోర్సు కల్చర్ లేకుండా ఇవ్వడమూ మామూలే. కానీ ఆ ఆరు రిపోర్టుల్లో చీము కణాల కింద ఇంకో వరుస ఉంది. ఎర్ర రక్తకణాలు: 6 నుంచి 8, 8 నుంచి 10, మళ్లీ 6 నుంచి 8. ఒక్కదాంట్లో కూడా నిల్ లేదు. రిపోర్టు చూసే ప్రతి కన్నూ చీము కణాల దగ్గరే ఆగిపోయింది. మైక్రోస్కోప్ కింద ఒక ఫీల్డులో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎర్ర కణాలుంటే దాన్ని మూత్రంలో రక్తం కిందే లెక్కేయాలి, కంటికి కనిపించకపోయినా సరే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అవి రావచ్చు. ఇన్ఫెక్షన్ లేదని కల్చర్ చెప్పాక కూడా ఉంటే, ఎందుకున్నాయో తేల్చాల్సిందే.

షుగర్ మీద నెపం

కుటుంబం మొత్తానికి ఒక నమ్మకం ఉంది, ఇదంతా షుగర్ వల్లే అని. అలా అనుకోవడం తప్పు కాదు, షుగర్ పెరిగితే మూత్రం ఎక్కువ వస్తుంది. అది నిజమో కాదో తేల్చడానికి మిషన్లు అక్కర్లేదు, ఒక కొలత గ్లాసు, ఒక నోట్‌బుక్ చాలు. మూడు రోజులు ఇంట్లోనే ఉండి, ప్రతిసారీ కొలిచి టైమ్‌తో సహా రాయమన్నాను. ఆవిడకు చదువు రాదు. ఎనిమిదో తరగతి చదివే మనవడు రాశాడు, రాత్రిళ్లు కూడా లేచి. చాలామంది పట్టభద్రులు తెచ్చిన డైరీల కంటే అది నీట్‌గా ఉంది.

రోజుకు సగటున 22 సార్లు. ఒక్కోసారి 50 నుంచి 70 మిల్లీలీటర్లు. మూడు రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చినది 110. ఇరవై నాలుగు గంటల మొత్తం 1300 దగ్గర. షుగర్ వల్ల అయితే ప్రతిసారీ పెద్ద పరిమాణంలో వచ్చి మొత్తం మూడు లీటర్లు దాటాలి. ఇక్కడ మూత్రం తక్కువే, మూత్రాశయమే పట్టనంటోంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9 ఉంది. షుగర్‌ని పక్కన పెట్టాం.

ఆ మొత్తం 1300 ఉండటానికి ఇంకో కారణముంది. అందరూ ఆవిడకు "నీళ్లు బాగా తాగండి" అని చెప్పారు. ఆవిడ మానేశారు. హార్బర్ నుంచి కాలనీల దాకా తిరిగే ఆడమనిషికి దారిలో వెళ్లే చోటు ఎక్కడుంది? వైజాగ్‌లో బీచ్ రోడ్డు ఎంత అందంగా తీర్చిదిద్దినా, గంప మోసే ఆడవాళ్లకు ఉదయం ఐదింటికి తెరిచి ఉండే శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టమే. నీళ్లు తాగమని చెప్పే ముందు ఈ సంగతి అడగాలి.

పరీక్షలో గర్భసంచి జారడం లేదు, దగ్గితే కారడం లేదు. మూత్రం పోశాక లోపల మిగిలింది 15 మిల్లీలీటర్లే. కిడ్నీలు బాగున్నాయి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం చివర ఇరుక్కున్న చిన్న రాయి కూడా ఇలాంటి తొందర పుట్టిస్తుంది కాబట్టి ఆ కోణంలోనూ అల్ట్రాసౌండ్ మళ్లీ చూశాం. రాయి లేదు.

ఎవరూ అడగని ప్రశ్న

"చుట్ట కాలుస్తారా అమ్మా?" అని అడిగితే ఆవిడ కోడలి వైపు చూసి నవ్వారు.

"కాలుస్తాను బాబూ. అడ్డపొగ."

పెళ్లయిన కొత్తలో మొదలైందట. రోజుకు మూడు, నాలుగు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం ఉత్తరాంధ్ర తీరంలో పాత అలవాటు, అదీ ఆడవాళ్లలోనే ఎక్కువ. డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, మన దేశపు సహచరులతో కలిసి, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించి అంగిలి మీద ఈ పొగ చేసే మార్పులను 1971లో ప్రచురించాడు. ఇక్కడి డెంటల్ కాలేజీ విద్యార్థులకు ఇది బాగా తెలిసిన పాఠం. కానీ మూత్రం సమస్యతో వచ్చిన ఆడమనిషిని పొగాకు గురించి అడగాలని మాత్రం ఎవరికీ తోచదు. కవర్‌లో ఉన్న ఓపీ చీటీల్లో మూడింట్లో ఆ గడి ఖాళీగా ఉంది, ఒకదాంట్లో 'లేదు' అని రాసి ఉంది.

నోరు తెరిపించి టార్చ్ వేసి చూశాను. అంగిలి తెల్లగా మందంగా మారి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. మూత్రం డాక్టరు నోరు చూడటమేమిటని కోడలు విచిత్రంగా చూసింది.

పొగ ఏ వైపు నుంచి పీల్చినా రక్తంలోకి చేరేది చేరుతుంది. పొగాకులోని ఆరోమాటిక్ అమైన్లు రక్తంలోంచి కిడ్నీకి, అక్కణ్నుంచి మూత్రంలోకి వచ్చి, మూత్రాశయం గోడను తాకుతూ గంటల తరబడి నిల్వ ఉంటాయి. మూత్రాశయ కేన్సర్లలో దాదాపు సగం పొగాకు లెక్కలోకే వస్తాయి. జబ్బు మగవాళ్లలో మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే ఆడవాళ్లలో అనుమానం ఆలస్యంగా వస్తుంది, అప్పటికి ఇన్ఫెక్షన్ పేరుతో నెలలు గడిచిపోతాయి.

టీబీ సంగతి తేలాలి

మూత్రంలో చీము కణాలుండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, మన దేశంలో చదువుకున్న ఏ డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది టీబీ. అది సరైన ఆలోచనే. మామూలు కల్చర్‌లో టీబీ బాక్టీరియా పెరగదు. మూత్రాశయం కుంచించుకుపోయి తక్కువ పట్టడం, మంట, ఎర్ర కణాలు, అన్నీ టీబీకి సరిపోతాయి. పైగా ఆవిడ భర్త పదిహేనేళ్ల కిందట ఊపిరితిత్తుల టీబీకి మందులు వాడారు.

కాబట్టి పొద్దున్నే వచ్చే మొదటి మూత్రం వరుసగా మూడు రోజులు సేకరించి ఏఎఫ్‌బీ స్మియర్ (మైక్రోస్కోప్ కింద టీబీ బాక్టీరియాను వెతకడం), సీబీనాట్ (దాని జన్యువును పట్టే పరీక్ష), టీబీ కల్చర్‌కి పంపాం. అదే రోజుల్లో కేన్సర్ కణాల కోసం సైటాలజీకి కూడా పంపాం. సైటాలజీకి మాత్రం పొద్దున లేవగానే వచ్చే మూత్రం వద్దు. రాత్రంతా నిల్వ ఉన్న మూత్రంలో కణాలు చెడిపోతాయి. రెండోసారి వచ్చేది తాజాగా పట్టి వెంటనే ల్యాబ్‌కి చేర్చాలి. ఈ తేడా చెప్పకపోవడం వల్ల శాంపిళ్లు తారుమారు కావడం తరచూ చూస్తుంటాను.

స్మియర్ నెగటివ్. సీబీనాట్ నెగటివ్. ఛాతీ ఎక్స్‌రే నార్మల్. మూత్రవ్యవస్థ అంతా చూపే సీటీ యూరోగ్రామ్‌లో కిడ్నీల లోపలి గిన్నెలు చక్కగా ఉన్నాయి, మూత్రనాళాల్లో ఎక్కడా ఇరుకు లేదు. సైటాలజీ మూడు శాంపిళ్లలో రెండింట్లో హై గ్రేడ్, అంటే దూకుడు రకం, కేన్సర్ కణాల అనుమానం అని వచ్చింది. టీబీ కల్చర్ పూర్తి ఫలితానికి ఆరు వారాలు పడుతుంది. దానికోసం సిస్టోస్కోపీని, అంటే మూత్రమార్గం గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి మూత్రాశయాన్ని చూసే పరీక్షను, ఆపలేదు.

అందరికీ అక్కర్లేని పరీక్ష

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను. సిస్టోస్కోపీ అంటే లోపలంతా చూసేస్తారు, కాబట్టి మూత్రం సమస్య ఏదైనా ముందు అదే చేసేస్తే పోదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అదే నెలలో గాజువాక నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చారు. ధార సన్నగా వస్తోంది, మొదలవడానికి టైమ్ పడుతోంది, రాత్రి రెండుసార్లు లేస్తున్నారు. లక్షణాల స్కోరు 35కి 16. యూరిన్ శుభ్రంగా ఉంది, ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్‌ఏ వయసుకు తగ్గట్టే ఉంది, ధార వేగం సెకనుకు 11 మిల్లీలీటర్లు, మిగులు 40. అబ్బాయి అమెరికా నుంచి ఫోన్లో "స్కోపీ కూడా చేసేయండి డాక్టర్, ఒక పని అయిపోతుంది" అన్నాడు. చేయలేదు. ప్రోస్టేట్ దగ్గర బిగువు తగ్గించే టామ్సులోసిన్ మొదలుపెట్టి, రాత్రి ఏడు తర్వాత టీ మానేయమన్నాను. ప్రోస్టేట్ పెద్దదిగా ఉందో లేదో కంటితో చూసినంత మాత్రాన అది మూత్రానికి ఎంత అడ్డుపడుతోందో తెలియదు. ఎంత పెద్దగా కనిపించినా అడ్డు లేనివాళ్లున్నారు, చిన్నగా ఉండి పూర్తిగా ఆపేసేవీ ఉన్నాయి. అడ్డు ఎంతుందో ధార వేగం, మిగులు, అవసరమైతే మూత్రాశయంలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ చెబుతాయి. ఆపరేషన్ నిర్ణయించాక ఏ పద్ధతి అన్నది తేల్చుకోవడానికి స్కోపు పనికొస్తుంది, అది వేరే సంగతి.

మూత్రంలో రక్తం కంటికి గానీ మైక్రోస్కోప్‌కి గానీ కనిపిస్తే, చీము కణాలుండి కల్చర్ ఖాళీగా ఉంటే, నిండేకొద్దీ నొప్పి ఉంటే, ఇన్ఫెక్షన్లు పదేపదే తిరగబెడుతుంటే, గతంలో కాథెటర్ లేదా దెబ్బ వల్ల మూత్రమార్గం ఇరుకైందన్న అనుమానం ఉంటే, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకుని ఉంటే, అప్పుడు స్కోపు వాయిదా వేయకూడదు. మూత్రం తొందర ఒక్కటే ఉండి, యూరిన్ శుభ్రంగా ఉన్న మనిషికి ముందు డైరీ, అలవాట్లు, మందులు. ఈవిడకు పై వరుసలో మూడు వర్తించాయి. వాటి పైన నలభై ఏళ్ల చుట్ట.

లోపల కనిపించింది

స్కోపు పెట్టే ముందు మరోసారి కల్చర్ చేయించాం. ఇది లాంఛనం కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు స్కోపు పెడితే రెండు నష్టాలు. ఒకటి, సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కి చలిజ్వరం రావచ్చు. రెండోది మనం తక్కువగా మాట్లాడుకునేది: ఇన్ఫెక్షన్‌లో మూత్రాశయం గోడంతా ఎర్రగానే ఉంటుంది, అప్పుడు ఏ ఎరుపు దేనిదో చెప్పలేం. కల్చర్ ఖాళీ అని తేలాక కనిపించే ఎరుపుకే విలువ.

ఆడవాళ్ల మూత్రమార్గం నాలుగు సెంటీమీటర్లే. అందుకే మగవాళ్లకు వంగే స్కోపు ఎంత హాయిగా ఉంటుందో, ఆడవాళ్లకు సన్నటి తిన్నని స్కోపు కూడా దాదాపు అంతే సులువుగా పోతుంది. మత్తు అక్కర్లేదు. తిమ్మిరెక్కించే రెండు శాతం లిగ్నోకైన్ జెల్లీ వేసి, వేసిన వెంటనే మొదలుపెట్టకుండా ఐదు నిమిషాలకు పైగా ఆగితే చాలు. ఆ ఐదు నిమిషాలు ఆగలేకే చాలా చోట్ల ఈ పరీక్షకు చెడ్డ పేరు వస్తుంది. తెర ఆవిడకు కనిపించేలా తిప్పించాను. ఏం జరుగుతోందో కనిపిస్తే టెన్షన్ తగ్గుతుంది, కాళ్లు బిగించడం తగ్గుతుంది. నర్సు చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉంది, ఆ రోజు హార్బర్‌లో వంజరం ధర గురించి.

మూత్రమార్గం బాగుంది. లోపలికి వెళ్లగానే ముందున్న మూత్రాన్ని బయటకు తీసి సైటాలజీకి పంపాం. తర్వాత సెలైన్ నింపుతూ ట్రైగోన్ (మూత్రాశయం అడుగున ఉండే త్రికోణపు భాగం), రెండు మూత్రనాళాల ద్వారాలు చూశాం. రెండింటి నుంచీ తేట మూత్రం చిమ్ముతోంది. టీబీ అయితే ఈ ద్వారాల చుట్టూ చిన్న చిన్న బుడిపెలు, ముదిరితే ద్వారం నోరు తెరుచుకుని గుంటలా ఉండిపోవడం కనిపిస్తుంది. ఇక్కడ అవేమీ లేవు. రాళ్లు లేవు. కండరం తాళ్లలా తేలడమూ లేదు, అంటే అడ్డు మీద పోరాడిన మూత్రాశయం కాదు ఇది.

30 డిగ్రీల లెన్సు తీసి 70 డిగ్రీలది పెట్టి పక్క గోడలు, పైకప్పు, ముందు గోడ చూశాం. పైన గాలి బుడగ ఎక్కడుందో చూసుకుంటే దిక్కులు తప్పవు. వెనక గోడ మీద, ఎడమ పక్క గోడ మీద మూడు చోట్ల ఎర్రటి మరకలు. ఉబ్బు లేదు, గడ్డ లేదు, ఆకులా తేలేదేమీ లేదు. మఖమల్ గుడ్డ అతికించినట్టు, అంచులు తెలిసీ తెలియనట్టు. పెద్ద మరక రెండు సెంటీమీటర్లుంటుంది. 120 మిల్లీలీటర్లు వెళ్లేసరికి ఆవిడ "ఇక ఆగదు బాబూ" అన్నారు. ఆ సాగుదలకే ఒక మరక మీద సన్నగా రక్తం చెమర్చింది.

"ఆ ఎర్రగున్నదేటి?"

"అదేంటో ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుందమ్మా" అన్నాను. అదే నిజం కూడా. మంట వల్ల, మందుల వల్ల, రేడియేషన్ వల్ల ఇలాంటి మరకలు వస్తాయి. స్కోపు ఎక్కడ ముక్క తీయాలో చూపిస్తుంది, జబ్బు పేరు పెట్టేది పాథాలజిస్టు.

రెండు అల్ట్రాసౌండ్లలోనూ, సీటీలోనూ ఇది కనిపించకపోవడానికి వాటి తప్పేమీ లేదు. స్కానులో తెలియాలంటే గోడ నుంచి ఏదో ఒకటి పైకి లేచి ఉండాలి, లేదా గోడ మందం కావాలి. ఈ మరక మందం కొన్ని వరుసల కణాలే. స్కాన్ నార్మల్ అంటే గడ్డ లేదని అర్థం, అంతవరకే.

ముక్క పరీక్ష

నాలుగు రోజుల తర్వాత వెన్నుమత్తు ఇచ్చి బయాప్సీ చేశాం. మూడు మరకల నుంచీ చిన్న ఫోర్సెప్స్‌తో, కరెంటు వాడకుండా ముక్కలు తీశాం. కరెంటుతో తీస్తే అంచులు మాడి పాథాలజిస్టుకు చదవడం కష్టమవుతుంది. సైటాలజీలో అనుమానం ఉంది కాబట్టి మామూలుగా కనిపిస్తున్న చోట్ల నుంచి, అంటే ట్రైగోన్, పైకప్పు, కుడి గోడ, ముందు గోడ నుంచి కూడా తీసి, ఒక్కో ముక్కా ఒక్కో సీసాలో పేరుతో పంపాం. అన్నీ ఒకే సీసాలో వేస్తే జబ్బు ఎక్కడెక్కడుందో ఎప్పటికీ తెలియదు. తర్వాత మరకలను బైపోలార్ లూప్ అనే కరెంటు తీగతో కండరం కనిపించేదాకా తొలగించి, అడుగును కాల్చాం.

ఫారంలో 'నలభై ఏళ్ల పొగాకు, సైటాలజీలో హై గ్రేడ్ అనుమానం, టీబీ కల్చర్ రావాల్సి ఉంది' అని రాశాను. పాథాలజిస్టుతో ఫోన్లోనూ మాట్లాడాను. వారం తర్వాత రిపోర్టు: మూడు మరకల్లో రెండింట్లో కార్సినోమా ఇన్ సైటూ, అంటే ఇంకా పై పొరలోనే ఉన్న చదునైన కేన్సర్, మూడోదాంట్లో పై పొరే లేదు, ఊడిపోయి ఉంది. బాగానే కనిపించిన ట్రైగోన్ ముక్కలోనూ కార్సినోమా ఇన్ సైటూ ఉంది. పొర కిందికి ఎక్కడా దిగలేదు. కండరం తగినంత వచ్చింది, అందులో జబ్బు లేదు. టీబీ గడ్డల జాడ లేదు.

ఆ మూడో ముక్క ఏమీ చెప్పలేదనుకోవద్దు. ఈ జబ్బులో కణాలకు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే శక్తి పోతుంది. అవి రాలి మూత్రంలోకి వచ్చేస్తుంటాయి, అందుకే సైటాలజీ పట్టుకుంది. రాలిన చోట గోడ ఒట్టిగా మిగిలి, మూత్రం నేరుగా నరాలకు తగులుతుంది. ఎనిమిది నెలల మంట, తొందర, 110 మిల్లీలీటర్లకే నిండిపోయినట్టుండటం, అన్నిటికీ కారణం అక్కడుంది. సోలిఫెనాసిన్ కండరం మీద పనిచేసే మందు, ఒలిచిపోయిన గోడకు అది చేయగలిగింది లేదు.

కార్సినోమా ఇన్ సైటూ చదునైనదే గానీ సాధువైనది కాదు. పుట్టుకతోనే హై గ్రేడ్. చికిత్స లేకుండా వదిలేస్తే సగం మందికి పైగా కండరంలోకి దిగుతుంది. అప్పుడు మూత్రాశయం మొత్తం తీసేయాల్సి రావచ్చు.

చెప్పడం, ఒప్పించడం

కొడుకు ముందుగా ఒక్కడే లోపలికొచ్చి "అమ్మకి కేన్సర్ అని చెప్పకండి సార్, ఇన్ఫెక్షన్ అనే చెప్పండి" అన్నాడు. చాలా కుటుంబాల్లో వినే మాటే. కానీ ఈ చికిత్స దాచి చేసేది కాదు. వారం వారం రావాలి, మందు రెండు గంటలు లోపల పట్టుకోవాలి, ఇంట్లో మరుగుదొడ్డి విషయంలో జాగ్రత్త పడాలి, మూడేళ్లు తిరగాలి. ఇన్ఫెక్షన్ అనుకునే మనిషి మంట తగ్గిన రోజే రావడం మానేస్తారు. పైగా ఇన్ఫెక్షన్ అన్న మాట ఎనిమిది నెలలుగా వింటూనే ఉన్నారు. ఆ సంగతి కొడుకుకు వివరించి, ఇద్దరం కలిసే చెప్పాం.

ఆవిడ కాసేపు ఊరుకుని, "చుట్ట మానేస్తే పోద్దా?" అని అడిగారు.

మానేస్తే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుందని, ఉన్నది పోవడానికి మందు కావాలని చెప్పాను. అంగిలి కోసం నోటి వైద్యుల దగ్గరికి పంపాను. అక్కడ తీసిన ముక్కలో కేన్సర్ లేదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు.

మందు బీసీజీ. ఆ పేరు వినగానే కొడుకు ఉలిక్కిపడ్డాడు, "అది చిన్నపిల్లలకేసే టీబీ టీకా కదా సార్?" అవును, అదే జాతి. బతికున్న, బలం తగ్గించిన బాక్టీరియా. దాన్ని మూత్రాశయంలోకి పంపితే శరీరపు రక్షణ వ్యవస్థ అక్కడికి చేరి, దానితోపాటు కేన్సర్ కణాలనూ నాశనం చేస్తుంది. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ తొమ్మిది మంది పేషెంట్లలో దీని ఫలితాలు ప్రచురించాడు. ఇన్నేళ్లయినా ఈ జబ్బులో మొదటి మందు స్థానం దానిదే.

అందుకే టీబీ కల్చర్ ఫలితం కోసం ఇప్పుడు ఆగాం. లోపల నిజంగా టీబీ ఉంటే ముందు దానికి మందులు పడాలి. అదీగాక బయాప్సీ గాయం మానడానికి కనీసం రెండు వారాలు కావాలి. గాయం పచ్చిగా ఉండగా బీసీజీ పోస్తే అది రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు. ఆరో వారం చివర కల్చర్ నెగటివ్ అని వచ్చింది. ఏడో వారంలో మొదటి డోసు.

గురువారాలు పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున్నుంచీ నీళ్లు, టీ తగ్గించి రావాలి, లేకపోతే రెండు గంటలు ఆపుకోవడం కుదరదు. ఆవిడకు మొదటి రెండుసార్లు గంటకే వచ్చేసింది. మందు లోపల పోసిన తర్వాత ఆరు గంటల పాటు మూత్రం మరుగుదొడ్డిలో కూర్చునే పోయాలి, ప్రతిసారీ బ్లీచింగ్ పౌడర్ వేసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నారని ఈ విషయంలో కోడలు మాకంటే కఠినంగా ఉంది. మూడో డోసు రాత్రి జ్వరం 100.6 వచ్చి తెల్లారేసరికి తగ్గింది. అలా ఒక్క రాత్రి వచ్చిపోయే జ్వరానికి పారాసెటమాల్ చాలు. రెండు రోజులు దాటినా, చలితో ఎక్కువగా వచ్చినా వెంటనే రమ్మని ముందే రాసిచ్చాం. ఐదో డోసు రోజు మూత్రం ఎర్రగా ఉందని ఒక వారం వాయిదా వేశాం. ఆరూ పూర్తయ్యాయి.

మూడు నెలల స్కోపు మత్తులోనే చేశాం. మరకలున్న చోట పాలిపోయిన మచ్చలు మిగిలాయి. వాటి నుంచీ, ట్రైగోన్ నుంచీ తీసిన ముక్కల్లో కేన్సర్ లేదు, సైటాలజీ నెగటివ్. మనవడు మళ్లీ మూడు రోజుల డైరీ రాశాడు. పగలు తొమ్మిది, పది సార్లు, రాత్రి ఒకసారి, ఒక్కోసారి వచ్చేది 180 దాకా. పూర్తిగా మామూలు మూత్రాశయం కాదు, బీసీజీ కూడా కొంత మంట మిగులుస్తుంది. కానీ ఆవిడ గంప ఎత్తుకున్నారు. చుట్ట రెండు నెలలు మానేసి, మళ్లీ రోజుకు ఒకటి మొదలుపెట్టారు. కోడలు చెప్పింది, ఆవిడ కాదనలేదు. ఆ సంగతి ప్రతిసారీ మాట్లాడుకుంటున్నాం.

జబ్బు తిరిగి రాకుండా ఇచ్చే మెయింటెనెన్స్ డోసులు వరుసగా మూడు వారాల చొప్పున, 3, 6, 12 నెలలకు, ఆపైన ఆరు నెలలకోసారి, మూడేళ్ల దాకా. స్కోపు, సైటాలజీ రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా. మూడు నెలల డోసులకూ ఆరు నెలల డోసులకూ తప్పకుండా వచ్చారు. వేట ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒకసారి స్కోపు తేదీ దాటేశారు, ఫోన్ చేస్తే "చేప పడతాంది బాబూ, వచ్చే వారం" అన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా. పన్నెండో నెల స్కోపు, ఆ తర్వాతి మూడు డోసులు ఆ రెండు నెలల్లోనే పడేలా తేదీలు సర్దాం. మొదటి గురువారం వచ్చారు, రెండోదానికి కోడలితో కాకుండా ఒంటరిగా బస్సెక్కి వచ్చారు. మూడో డోసు జూన్ మొదటి వారంలో ఉంది.